కింద ఉండిపోయిన పదకొండు రోజులు

సర్వర్ గదిలో కుర్చీ ఒక్కటే. దానికి ఐదు చక్రాలుండాలి, నాలుగే ఉన్నాయి. కొత్తది ఇప్పించమని మూడుసార్లు రాసిచ్చాను. మూడుసార్లూ "చూద్దాం మేడమ్" అన్నారు. ఇంకా చూస్తున్నారు. పందొమ్మిదేళ్లుగా ఈ ఆసుపత్రి కంప్యూటర్లన్నీ నా నెత్తిన ఉన్నాయి, నేనేమో నాలుగు చక్రాల మీద ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే సాయంత్రం లేచేసరికి నడుము నాది కాదు.

ఆ రోజూ అలాగే కూర్చున్నాను. పన్నెండు కావస్తోంది. మూడింటికి కంపెనీ నుంచి ఇన్‌స్టాలేషన్ ఆయన వస్తాడు. మా సర్వర్ సొంత డిస్కు నిండిపోయి నాలుగు రోజులుగా మొరాయిస్తోంది కనుక, దాన్ని మొత్తం తుడిచేసి అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించి పోతాడు. నాలుగింటికి సూపరింటెండెంట్ గారి గదిలో మా ఆడపడుచు మీద విచారణ ముగుస్తుంది. ముగియడమంటే ఉద్యోగం పోవడమే. తీసేస్తున్నట్టు కాగితం టైపు కూడా అయిపోయింది, సంతకం ఒక్కటే మిగిలిందని టైపిస్టు నా చెవిన వేసింది.

ఈ రెండింటికీ సంబంధం ఉందని పన్నెండింటికి నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నిద్ర చాలడం లేదని, మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని, మా ఆయన పది రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడని.

మా ఆడపడుచు సంగతి చెప్పాలి. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. చిన్నప్పటి నుంచి నోరు మూతపడదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నలభై మూడేళ్లొచ్చినా పిచ్చుకే. భర్త పోయి నాలుగేళ్లయింది. మొదటి రెండేళ్లూ ఆ నోరు నిజంగానే మూతపడింది. మా ఇంటి వెనక గదిలో గోడకేసి తిరిగి పడుకుని ఉండేది. ఆసుపత్రి పాత భవనం పడగొట్టబోతున్నారని, రికార్డు గదిలో ఉన్న నలభై ఏళ్ల కేసు షీట్లు స్కాన్ చెయ్యడానికి మనిషి కావాలని తెలిసినప్పుడు నేనే అడిగి, నేనే హామీ ఉండి, ఆ పనిలో పెట్టించాను. స్కానర్ ముందు కూర్చున్న నెలకే మళ్లీ మాటలు మొదలుపెట్టింది. మా ఆయన ఆ రోజు నాకు దండం పెట్టినంత పని చేశాడు.

అది కష్టమైన పని కాదు, విసుగు పుట్టించే పని. కట్ట విప్పాలి, పిన్నులు పీకాలి, మడతలు సరిచెయ్యాలి, మిషన్లో పెట్టాలి. రోజుకు పదిహేను వందల కాగితాలు. స్కాన్ అయిపోయిన కట్టలు వారానికోసారి లారీ ఎక్కి, ముక్కలు చేసే మిల్లుకు పోతాయి. కాగితం పోయాక మిగిలేది నా సర్వర్లో ఉన్న బొమ్మ ఒక్కటే. అందుకని ఒక పద్ధతి పెట్టాను. రోజూ అన్నిటికంటే ముందు ఒక చీటీ స్కాన్ చెయ్యాలి. దాని మీద చేత్తో తేదీ, ఆ రోజు కట్టల నంబర్లు, కింద సంతకం. పిచ్చుక ఆ చీటీని పెళ్లి శుభలేఖ రాసినంత శ్రద్ధగా రాసేది.

పద్ధతి బాగానే ఉంది గానీ, ఆవిడగారి ఫోన్లతో నా తల ప్రాణం తోకకొచ్చేది. "వదినా, కాగితం ఇరుక్కుంది." "వదినా, పచ్చ లైటు రావట్లేదు." "వదినా, ఫోల్డరు ఖాళీగా కనపడుతోంది." "వదినా, మౌస్ చచ్చిపోయింది." "వదినా, తిన్నావా?" రికార్డు గది పాత భవనంలో కింద, నాది కొత్త భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు రోగులకే. ఫోన్ మోగినప్పుడల్లా మెట్లు దిగితే నా మోకాళ్లు ఏమైపోవాలి? "ఆపి మళ్లీ పెట్టు" అనేదాన్ని. సగం రోగాలు దానికే కుదురుతాయి. మిగతా సగానికి "నీ పని నువ్వు చూసుకోవే తల్లీ" అనేదాన్ని.

నెలన్నర కిందట ఒక పెద్దాయన వచ్చాడు. పదిహేడేళ్ల కిందట ఇక్కడే ఆయన గుండెకు కవాటం వేశారు. ఇప్పుడు మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి. అప్పుడు వేసింది ఏ రకమో, ఎంత సైజో తెలియందే డాక్టర్లు కత్తి పట్టేది లేదన్నారు. వెతికితే కాగితం మిల్లుకు పోయింది, సర్వర్లో బొమ్మ లేదు. ఆయనదొక్కటే కాదు. మూడు నెలల కిందట ఐదో తేదీ నుంచి పదిహేడో తేదీ దాకా, సెలవులు తీసేస్తే పదకొండు రోజుల పని మొత్తం లేదు. హాజరు పట్టీలో సంతకాలున్నాయి. కట్టలు లారీ ఎక్కాయి. బొమ్మలు మాత్రం ఒక్కటీ లేవు.

పని చెయ్యకుండా కూర్చుని, కాగితాలు మాత్రం మిల్లుకు తోలేసిందని రాశారు. ఇంట్లో ఉండమన్నారు. విచారణ పెట్టారు.

అందులో కంప్యూటర్ల తరఫు సాక్షిని నేనే. "పొరపాటున ఇంకెక్కడైనా పడి ఉంటాయా మేడమ్?" అని సూపరింటెండెంట్ గారు అడిగారు. ఒకటికి రెండుసార్లు సర్వరంతా గాలించి వెళ్లాను మరి. "లేవండి. స్కాన్ చేసి ఉంటే ఉండేవి" అన్నాను.

పిచ్చుక నా వైపు చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది. అంత వాగుడుకాయ, ఆ గదిలో "నేను చేశానండి" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

ఇంటికి వెళ్లాక మా ఆయన మెల్లగా, "అది అలాంటిది కాదే" అన్నాడు.

"అయితే నా మిషను మింగిందంటారా?" అని ఒంటికాలి మీద లేచాను. "పందొమ్మిదేళ్లుగా ఒక్క ఫైలు పోనివ్వలేదండీ నేను!"

అప్పటి నుంచే ఆయనకు ఈ ముక్తసరి మాటలు. పిచ్చుక మాత్రం రోజూ పొద్దున్నే కాఫీ కలిపి నా చేతికిచ్చి, ఏమీ అనకుండా వెనక గదిలోకి పోతోంది. ఆ కాఫీ గొంతు దిగడం రోజురోజుకూ కష్టమైపోతోంది. ఒకరోజు సింకులో పోసేశాను కూడా.

సరే, ఆ రోజు పన్నెండింటికి వస్తాను. తుడిచేసే ముందు ఇన్‌స్టాలేషన్ ఆయనకు ఒక జాబితా రాసివ్వాలి. సర్వర్‌కు ఏయే డిస్కులు తగిలించి ఉన్నాయి, ఏది తుడవాలి, ఏది ముట్టుకోకూడదు. మా సర్వర్లో డిస్కును ఊరికే గుచ్చితే చాలదు. ముందు ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, ఈ డిస్కును ఇక్కడ తగిలించు అని చెప్పాలి. దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. తగిలించాక ఆ ఫోల్డర్లోకి వెళితే డిస్కులో ఉన్నవి కనపడతాయి. స్కాన్ చేసిన బొమ్మలన్నీ అలా 'స్కాన్లు' అనే ఫోల్డర్‌కు తగిలించిన ఒక పెద్ద డిస్కు పెట్టెలో ఉంటాయి. అది జోలికి పోకూడనిది. తుడవాల్సింది సర్వర్ సొంత చిన్న డిస్కు.

జాబితాకని డీఎఫ్ అని కొట్టాను. ఒక్కో డిస్కు ఎంత నిండిందో చెప్పే కమాండ్ అది. సొంత డిస్కు రెండు వందల యాభై జీబీ, పూర్తిగా నిండింది. అంతా ఏం తినేసిందా అని డీయూ కొట్టాను. అది ఫోల్డర్ ఫోల్డర్‌కూ పోయి, కనపడిన ఫైళ్లన్నీ కూడి చెబుతుంది. ఎనభై అంది.

మళ్లీ కొట్టాను. ఎనభై.

నాలుగు రోజుల కిందటే ఈ లెక్క చూసి ఉండొచ్చు. చూడలేదు. మిషన్ తన పని చిట్టా రాసుకునే లాగ్ ఫైళ్లేవో పెరిగి ఉంటాయి, తుడిచి ఎక్కిస్తే వదులుతుందిలే అనుకున్నాను. ఈ మధ్య నేను అన్నిటికీ అలాగే అనుకుంటున్నాను. ఇప్పుడు మాత్రం ఎందుకో వదల్లేకపోయాను. నూట డెబ్భై జీబీ అంటే ఎలక కొట్టేసే సైజు కాదు. తీసేసిన ఫైలును ఏదైనా ప్రోగ్రాం ఇంకా పట్టుకుని కూర్చుందేమోనని చూశాను. లేదు. డిస్కు చెడిందేమోనని చూశాను. లేదు. అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మళ్లీ మూసేశాను.

అప్పుడు ఫైండ్‌మౌంట్ కొట్టాను. ఏ ఫోల్డర్‌కు ఏ డిస్కు తగిలి ఉందో వంశవృక్షంలా గీసి చూపించే కమాండ్. పైన సర్వర్ సొంత డిస్కు, దాని కింద కొమ్మలు. ఒక కొమ్మ 'స్కాన్లు'. దాని ఎదురుగా పెద్ద డిస్కు పేరు. అంతా ఉండాల్సినట్టే ఉంది. తర్వాత అదే కమాండ్‌కు ఒక ముక్క తగిలించి, మిషన్ పైకి లేచేటప్పుడు ఏవేవి తగిలించమని రాసి ఉందో ఆ పట్టీ అడిగాను. 'స్కాన్లు' వరుసలో చివరన ఒక మాట ఉంది: నోఫెయిల్. అంటే, ఈ డిస్కు దొరక్కపోయినా ఆగొద్దు, కానిచ్చెయ్ అని.

అది రాసింది నేనే. రెండేళ్ల కిందట ఒక సెలవు రోజు ఆ పెద్ద డిస్కు పెట్టె ఆలస్యంగా లేచింది. అది లేచేదాకా సర్వర్ పైకి రానని భీష్మించుకు కూర్చుంది. వంట మధ్యలో వదిలేసి పరుగెత్తాను. ఇంకోసారి నా సెలవు జోలికి రావద్దని ఆ మాట చేర్చి చేతులు దులుపుకున్నాను.

ఆ వరుసనే చూస్తూ ఉండిపోయాను. పెద్ద డిస్కు దొరక్కపోతే సర్వర్ ఆగదు. మరి 'స్కాన్లు' ఫోల్డరు ఏమవుతుంది? ఏమీ కాదు, ఉంటుంది. ఏదీ తగలని ఉత్త ఫోల్డర్‌గా, ఖాళీగా ఉంటుంది. అందులో ఎవరైనా ఏమైనా వేస్తే సర్వర్ సొంత డిస్కులో పడుతుంది. ఆ తర్వాత ఎవరైనా వచ్చి పెద్ద డిస్కును అక్కడ తగిలిస్తే, గోడ గూట్లో సామాను పెట్టి దాని ముందుకు బీరువా జరిపినట్టే. గూడు పోదు, సామానూ పోదు. కనపడవంతే. నేను ఎన్నిసార్లు గాలించినా గాలించేది బీరువానే.

నేను కొట్టిన కమాండ్లన్నీ సర్వర్ తేదీలతో సహా దాచుకుంటుంది. తీశాను. మూడు నెలల కిందట, నాలుగో తేదీ సాయంత్రం కరెంటు పోయి, బ్యాటరీలూ చచ్చి సర్వర్ ఆగిపోయింది. మిషన్ మళ్లీ లేచిందా లేదా చూసి, లేచింది కదా అని ఇంటికి వెళ్లిపోయాను. పెద్ద డిస్కు పెట్టె లేచిందో లేదో చూడలేదు. తర్వాత పద్దెనిమిదో తేదీ, ఉదయం తొమ్మిదీ నలభైకి, నా పేరు మీద ఒకే ఒక్క కమాండ్: పట్టీలో ఉన్నవన్నీ తగిలించు. అప్పుడు గుర్తొచ్చింది. వార్డులకు ఆ బొమ్మలు ఇంకా ఇవ్వని రోజులవి; ఎక్స్‌రే వాళ్లు ఏదో పాత ఫైలు కనపడటం లేదని అడిగితే, పెట్టె స్విచ్ వేసి, ఈ ముక్క కొట్టి, "ఇప్పుడు చూసుకోండి" అన్నాను. ఆ ఫోల్డర్లో ఏమైనా ఉందా అని తగిలించే ముందు చూడటం పట్టుమని రెండు క్షణాలు పట్టని పని. పని నేర్చుకునే మొదటి వారంలోనే నేర్పిస్తారు. నేనే ఎంతమందికి నేర్పించానో.

ఐదు నుంచి పదిహేడు. పదకొండు రోజులు.

పెద్ద డిస్కును ఊడదీసి చూద్దామంటే పైన వార్డుల్లో డాక్టర్లు దాన్నే వాడుతున్నారు. దానికి వేరే దారి ఉంది. సర్వర్ సొంత డిస్కునే ఇంకో ఫోల్డర్‌కు రెండోసారి తగిలిస్తే, దాని మీద తగిలించినవేవీ లేకుండా ఒట్టిగా కనపడుతుంది. అలా తగిలించాను. ఒక అక్షరం తప్పు పడింది, తిట్టుకుని మళ్లీ కొట్టాను. లోపలికి వెళ్లి 'స్కాన్లు' తెరిచాను.

పదహారు వేల ఐదు వందల పన్నెండు ఫైళ్లు.

గట్టిగా "అయ్యో నా తల్లీ" అన్నాను. గదిలో ఎవరూ లేరు, ఫ్యాన్ల రొద తప్ప. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. ఒక్క కాగితం వంకర లేదు. ఎనిమిదో రోజు కట్టలో పెద్దాయన కేసు షీటు కూడా ఉంది, కవాటం సైజుతో సహా.

అన్నీ పెద్ద డిస్కు మీదకు కాపీ చెయ్యమని పెట్టాను. ముప్పావు గంట పడుతుందని చూపించింది. ఆ కాపీ నడుస్తుండగా మొదటి రోజు మొదటి ఫైలు తెరిచాను. ఐదో తేదీ చీటీ. తేదీ, కట్టల నంబర్లు, సంతకం. సంతకం కింద ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట గుండ్రటి అక్షరాలతో నాలుగు వరుసలున్నాయి.

"వదినా, పొద్దున్న చూస్తే ఫోల్డర్లో పాతవి ఒక్కటీ లేవు. నీకు ఫోన్ చేశాను. కొత్తవి పడుతున్నాయా అన్నావు, పడుతున్నాయి అన్నాను, అయితే నీ పని నువ్వు చూసుకో అన్నావు. అందుకే వేస్తున్నాను. నాకెందుకో భయంగా ఉంది. తీరికున్నప్పుడు ఒకసారి చూడు."

రెండోసారి చదివాను. వదినా, ఫోల్డరు ఖాళీగా కనపడుతోంది. ఆ ఫోను నాకు గుర్తుంది, మౌస్ చచ్చిపోవడానికీ పచ్చ లైటుకూ మధ్యలో. ఏ రోజు చేసిందో, నేనేమన్నానో మాత్రం గుర్తులేదు. ఆ ఉదయం నేను ఏం చేస్తున్నానో, ఎందుకు విసుక్కున్నానో కూడా తెలియదు. ఏమీ చేస్తూ ఉండి ఉండను. అలసిపోయి ఉంటాను. ఎప్పుడూ ఉండేదేగా.

ఒక సంగతి దాచను. ఆ చీటీ మీద చెయ్యి పెట్టి, తీసేద్దామా అనుకున్నాను. ఒక్క మీట. బొమ్మలు దొరికాయి, పిచ్చుక బయటపడుతుంది, పెద్దాయన ఆపరేషన్ జరుగుతుంది. కరెంటు పోవడం వల్ల జరిగిందంటే ఈ ఆసుపత్రిలో కాదనగలిగే మనిషి లేడు. పందొమ్మిదేళ్లలో ఒక్క ఫైలు పోనివ్వలేదన్న నా మాట కూడా నిలబడుతుంది. పదహారు వేల ఐదు వందల పదకొండు ఫైళ్లుంటే ఎవరు లెక్క పెడతారు?

తలుపు చప్పుడైంది. ఇన్‌స్టాలేషన్ ఆయన, అరగంట ముందే. బట్టతల, చేతిలో పనిముట్ల పెట్టె, మెట్లెక్కి రొప్పుతున్నాడు.

"మొదలెడదామా మేడమ్? సాయంత్రం ఇంకో చోటికి వెళ్లాలి."

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను" అన్నాను.

పాపం ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనే లేచి ఆ నాలుగు చక్రాల కుర్చీ ఆయనకిచ్చి, నీళ్లు పోసిచ్చి, ఈ రోజు తుడవడం లేదని, వచ్చే వారం రమ్మని చెప్పాను. "కుర్చీ ఒరుగుతోంది మేడమ్" అన్నాడు. "నాకు తెలుసు" అన్నాను. ఆ చీటీని ప్రింటు తీసి మడత పెట్టాను. దానితో పాటు పద్దెనిమిదో తేదీ కమాండ్ ఉన్న పేజీ కూడా.

నాలుగింటికి సూపరింటెండెంట్ గారి గది బయట బెంచీ మీద పిచ్చుక కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చోలేకపోయాను.

ఇద్దరినీ లోపలికి పిలిచాక నేనే ముందు మాట్లాడాను. బొమ్మలు దొరికాయన్నాను, ఎక్కడ దొరికాయో గూడూ బీరువా చెప్పి వివరించాను. సూపరింటెండెంట్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య!" అన్నారు. మంచి మనిషే, గొడవలంటే పడదు. "పోన్లెండి, గండం గడిచింది. కరెంటు పోవడం వల్ల సాంకేతిక లోపం అని రాసి మూసేద్దాం. ఆవిడ రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్యొచ్చు."

"లోపం కరెంటుది కాదండీ, నాది" అన్నాను. రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టాను. "పెట్టె లేచిందో లేదో చూడలేదు. తగిలించే ముందు కింద ఏముందో చూడలేదు. ఈమె ఆ రోజే ఫోన్ చేసి చెప్పింది, వినలేదు. పైగా ఇక్కడికొచ్చి, స్కాన్ చేసి ఉంటే ఉండేవని సాక్ష్యం చెప్పాను. అది కూడా రాయండి."

ఆయన చీటీ చదివారు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని నన్ను చూశారు. "ఇప్పుడిదంతా ఎందుకు మేడమ్? మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది."

"ఎక్కనివ్వండి. ఈమె పేరు ఎక్కించడానికి కాగితం టైపు చేయించారుగా. అదే కాగితంలో పేరు మార్చండి, చాలు."

నా గొంతు లేచిందని నాకే తెలిసింది. పిచ్చుక తల వంచుకుని తన చీటీ వంకే చూస్తోంది, ఎవరిదో ఉత్తరం చూసినట్టు. తర్వాత నాకు మెమో ఇచ్చారు, సంజాయిషీ రాయించారు, ఏడాది పాటు నేను చేసే ప్రతి మార్పునూ ఇంకొకరు చూసి సంతకం పెట్టాలన్నారు. న్యాయమే. పెద్దాయనకు ఆ సాయంత్రమే ఫోన్ వెళ్లింది.

బయటికొచ్చి మెట్ల మీద ఇద్దరం ఆగాం. ఆమె ఆగింది, నా మోకాళ్ల కోసం.

"ఆ రోజు విచారణలో ఎందుకు చెప్పలేదే?" అన్నాను. "వదినకు ఫోన్ చేశానని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

"నువ్వక్కడే ఉన్నావుగా వదినా. నీకు తెలిసిన సంగతేగా. నువ్వే చెప్తావేమోనని చూశాను."

"నాకు గుర్తే లేదే."

పిచ్చుక నా ముఖంలోకి చూసింది. "గుర్తులేదా?"

"నువ్వు రోజుకు పదిసార్లు చేసేదానివి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"నేను ఇన్నాళ్లూ నీ ఉద్యోగం మీదకి వస్తుందని కావాలనే దాచావనుకున్నా" అంది. "పోన్లే, వదిన కదా అనుకున్నా. నాకు పని ఇప్పించింది, కూడు పెట్టింది, ఇదొక్కటి నేను మొయ్యలేనా అనుకున్నా." కొంగు భుజం మీదకు లాక్కుంది. "అసలు వినలేదన్న మాట."

ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది, ఆ మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ల మధ్య. దాచాననుకుని కూడా క్షమించింది. వినలేదన్న మాట దగ్గర ఆమె ముఖం మారిపోవడం చూశాను. "తప్పయిపోయిందే" అన్నాను. ఆమె నా చేతిలోంచి డబ్బా సంచీ తీసుకుని ముందు నడిచింది.

మర్నాటి నుంచి మళ్లీ రికార్డు గదిలో కూర్చుంటోంది. ఇంట్లో మాట్లాడుతుంది, కాఫీ ఇస్తుంది, వాళ్ల అన్నయ్యతో గలగలా నవ్వుతుంది. నోఫెయిల్ అన్న మాట తీసేశాను, ఇప్పుడు సర్వర్ ఆగితే ఆగుతుంది, నేను వస్తాను. తగిలించిన డిస్కుల పట్టీ రోజూ పొద్దున్నే తీసి చూస్తాను. ఆ తర్వాత పిచ్చుక చీటీ తెరుస్తాను. సంతకం కింద రోజూ ఒక వరుస ఉంటుంది: "పాతవన్నీ కనపడుతున్నాయి." ఇంతే. వదినా అని ఉండదు.

ఫోన్ మాత్రం చెయ్యడం లేదు. మూడు వారాలైంది. కాగితాలు ఇరుక్కోకుండా ఉండవు, ఆ మిషను సంగతి నాకు తెలియదా? ఎలాగో తనే తీసుకుంటున్నట్టుంది. నేను ఆ ఒరిగిపోయే కుర్చీలో ఫోన్ పక్కనే కూర్చుంటాను. ఎక్స్‌రే వాళ్లు చేస్తారు, వార్డుల వాళ్లు చేస్తారు.

నిన్న ఇక ఉండబట్టలేక నేనే చేశాను.

"కాగితాలేమైనా ఇరుక్కున్నాయేమిటే?"

"లేదు వదినా."

అటువైపు స్కానర్ చప్పుడు వినపడుతోంది. ఫోన్ పెట్టెయ్యబోతున్నాను.

"ఇరుక్కుంటే చెప్తాలే" అంది.